ఎర వేసి తీసిన గుడ్లగూబకు బహుమతి ఇవ్వకండి: సీమలో ఫొటో పోటీలు పెట్టేవాళ్లకు బహిరంగ లేఖ

పోటీ నిర్వాహకులకు, తీర్పు చెప్పే పెద్దలకు నమస్కారం.

చలికాలం వస్తే కర్నూలు, అనంతపురం, కడపల్లో వన్యప్రాణి ఫొటోల పోటీలు, ప్రదర్శనలు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. ఎంట్రీలు తీసుకోకముందే ఒక మాట మీ చెవిన వేద్దామని రాస్తున్నాను. వేటాడుతున్న గుడ్లగూబ ఫొటోకు ఈసారి దండ వేసే ముందు, ఆ వేట ఎవరిదో ఒకసారి అడగండి. గుడ్లగూబదా, ఫొటోగ్రాఫరుదా?

నేను ఏ ఫొటో గురించి అంటున్నానో మీకు తెలుసు. రెక్కలు రెండూ పూర్తిగా చాచి, కాళ్లు ముందుకు చాపి, గోళ్లు విప్పి, నారింజ రంగు కళ్లతో తిన్నగా మన ముఖంలోకి చూస్తూ దిగుతున్న పక్షి. వెనకంతా చిక్కటి చీకటి. కింద ఒక మూల ఎలుక. పక్షి ఒంటి మీద ప్రతి ఈక లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటుంది. చూసినవాళ్లు 'అబ్బా' అంటారు, మార్కులు పడతాయి. ఎలుక ఎందుకు పారిపోవడం లేదని మాత్రం ఎవరూ అడగరు.

ఇందులో ఎవరి పేరూ ఎత్తను. పేర్లతో నాకు పనిలేదు. ఆ ఫొటోకు మార్కులు వేసే పద్ధతితోనే నా గొడవ. నేనూ ఈ నల్లరేగడి చేల గట్ల మీద కెమెరా పట్టుకుని తిరిగేవాణ్నే. గుడ్లగూబలను ఫొటో తీయొద్దని చెప్పడానికి రాయడం లేదు. తీయాలి, ఇంకా ఎక్కువమంది తీయాలి.

ఆ ఫొటో ఎట్లా తయారవుతుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. పగటిపూట గుడ్లగూబ కూర్చునే చోటు ముందుగా కనిపెట్టి పెట్టుకుంటారు. క్వారీ అంచో, పాడుబడ్డ దిగుడుబావి గోడో, చేను పక్క కరెంటు స్తంభమో. పొద్దు గూకే వేళకు కారు అక్కడికి చేరుతుంది. పెంపుడు జంతువుల అంగట్లో కొన్న ఎలుకో, బోనులో పడ్డ ఇంటి ఎలుకో డబ్బాలో ఉంటుంది. దాని కాలికి చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం కట్టి, ఆ దారాన్ని మేకుకు బిగిస్తారు. దారం కనబడకుండా పైన మట్టి చల్లుతారు. చుట్టూ గడ్డి పీకేస్తారు. రెండు పక్కలా ఫ్లాష్ స్టాండ్లు, నేల మీద కెమెరా, చేతిలో రిమోట్. పక్షి రావడం ఆలస్యమైతే ఫోన్లో దాని కూతే పెట్టి పిలుస్తారు. తన ఇలాకాలోకి ఇంకో గుడ్లగూబ జొరబడిందనుకుని అది తిండి వెతకడం మాని తగాదాకు వస్తుంది.

కట్టేసిన ఎలుక కొట్టుకుంటుంది, కీచుమంటుంది. ఆ చప్పుడు చాలు. ఊళ్లల్లో చావుపిట్ట అని పిలుచుకునే బార్న్ ఔల్‌నే తీసుకోండి. దాని చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. గుండె ఆకారంలో ఉండే ఆ ముఖం చప్పుడును పోగుచేసి చెవులకు చేరవేస్తుంది. ఒక చెవికీ మరో చెవికీ చప్పుడు చేరడంలో వచ్చే కొద్దిపాటి తేడాతో ఎలుక ఎడమనుందా కుడినుందా, పైనుందా కిందుందా తేల్చుకుంటుంది. ఒక్క వెలుగురేఖ కూడా లేని గదిలో చెవితోనే ఎలుకను పట్టుకోగలదని పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. రెక్క ముందంచున దువ్వెన పళ్లలాంటి ఈక కొసలు, వెనకంచున మెత్తటి కుచ్చులు ఉంటాయి గనుక ఎగిరేటప్పుడు చప్పుడు రాదు. ఎలుకకు తెలియకుండా పోవడానికే కాదు, ఎలుక చేసే చప్పుడు తన రెక్కల చప్పుడులో కలిసిపోకుండా ఉండటానికి కూడా ఆ ఏర్పాటు. ఇన్ని విద్యలున్న పక్షిని తీసుకొచ్చి మేకుకు కట్టిన ఎలుక ముందు దించి దాన్ని వేట అంటే, గింజలు చల్లి కోడిని పిలిచి 'చూడండి, ఎంత బాగా వేటాడుతోందో' అన్నట్టుంది.

అసలు వేట ఎట్లా ఉంటుందో మన దగ్గరే, అదీ పట్టపగటి వెలుతురు మిగిలి ఉండగానే చూడొచ్చు. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయిన మిడుతూరు పక్క రోళ్లపాడు గడ్డినేలలు మీకు కొత్త కాదు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేకను చూద్దామని బయల్దేరే రోజులు పోయాయి. చలికాలంలో ఇప్పుడక్కడికి పోయేది ఎక్కువగా పిల్లిగద్దల కోసం. హారియర్లు అని మనం పిలిచే ఆ గద్దలు సాయంత్రానికి గుంపులుగా దిగి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. అట్లాంటి గడ్డినేలలకే చలిదేశాల నుంచి వలస వచ్చే షార్ట్ ఇయర్డ్ ఔల్ కూడా చేరుతుంది. అదీ నేల మీదే, గడ్డి దుబ్బు పక్కన పగలంతా నక్కి కూర్చుంటుంది. పసుపు కళ్లు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి మచ్చ, చెవుల్లాంటి ఈకలు ఉన్నాయా లేవా అన్నట్టు.

ఇది పూర్తి చీకటి కోసం కాచుకోదు. ఎండ పచ్చబడే వేళకు లేస్తుంది. గడ్డికి మనిషెత్తు కూడా ఉండదు, అంత కిందుగా, బరువు లేనట్టు రెక్కలాడిస్తూ పోతుంది. తల కిందికే వంచి ఉంటుంది. ఒక చోట గాలిలోనే ఆగుతుంది, రెండు రెక్కలూ ఎత్తి దబ్బున గడ్డిలో పడుతుంది. పడిన ప్రతిసారీ దొరకదు. దొరికినా మనకు కనబడదు, గడ్డి అడ్డం. కాసేపటికి పైకి లేచి కాళ్లలో ఏదైనా వేలాడితే అప్పుడు తెలుస్తుంది. ఒట్టి కాళ్లతో లేస్తే మళ్లీ అదే గడ్డి మీద ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతుంది. ఓపికగల ఫొటోగ్రాఫరుకు ఇదే వరం: అది తిరిగే దారి తెలిసిపోతుంది. దారి మీద కారు ఆపి, ఇంజను కట్టేసి, కిటికీలో బియ్యపు మూటో చిన్న దిండో పెట్టి దాని మీద లెన్సు ఆనించి కూర్చుంటే అదే మన పక్కగా పోతుంది. కారు దిగి గడ్డిలోకి నడిచామా, అయిపోయింది. నక్కిన పక్షి పగటి పూట లేస్తుంది, కాకులు చుట్టుముడతాయి, హారియర్లు తరుముతాయి. 'ఎగిరే ఫొటో కావాలి, కొంచెం లేపు' అని డ్రైవరును గడ్డిలోకి పంపేవాళ్లూ ఉన్నారు. ఆ ఫొటోను కూడా నేను ఎర ఫొటో పక్కనే పెడతాను.

ఇక వెలుతురు సంగతి. డిసెంబరులో మనకు ఆరు కొట్టకముందే పొద్దు గూకుతుంది. చివరి అరగంటలో ఎగిరే పక్షిని నిలిపి పట్టాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతు దగ్గరైనా ఉండాలి. 500, 600 ఎంఎం లెన్సు పెట్టి వెలుతురుకు కెమెరా స్పందించే కొలతైన ఐఎస్ఓను 3200, 6400కు తెస్తే తప్ప అది కుదరదు. ఫొటోలో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది. పక్షి ముఖం సగం పక్కకు తిరిగి ఉంటుంది, ఎందుకంటే అది మనల్ని కాదు, గడ్డిని చూస్తోంది. ఒక రెక్క కొస ఫ్రేము దాటి పోవచ్చు. ఈ ఫొటో మీ తెర మీదికి వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా నాకు తెలుసు. 'షార్ప్‌నెస్ చాలదు, ఐ కాంటాక్ట్ లేదు, యాక్షన్ తెలియడం లేదు' అని రెండు మార్కులు కోస్తారు. ఆ పక్కనే ఎర వేసి రెండు ఫ్లాష్‌లు కొట్టి తీసింది నిగనిగలాడుతూ ఉంటుంది. కుర్రవాళ్లు చూస్తారు గదా, ఏది గెలుస్తోందో. వచ్చే చలికాలానికి వాళ్లూ డబ్బాలో ఎలుకతో బయల్దేరతారు. మీరు ఎరను ప్రోత్సహించాలని అనుకోలేదు, నిజమే. కానీ మార్కుల పట్టిక ఆ పని చేసి పెడుతోంది.

ఎర ఫొటోను గుర్తుపట్టడం అనుకున్నంత కష్టం కాదు. మొదట ఎలుకను చూడండి. తెల్లగానో మచ్చలతోనో ఉంటే అది అంగడి ఎలుక, మన చేలల్లో తిరిగేది కాదు. అడవి ఎలుక బయలు నేల మధ్యలో కూర్చుని ఉండదు, గడ్డి అంచునో గట్టు పగులునో అంటిపెట్టుకుని పరిగెడుతుంది. తరవాత నేలను చూడండి. చుట్టూ గడ్డి ఉండి ఎలుక ఉన్న చోట మాత్రం చాపంత బోడి నేల ఉంటే ఎవరో పీకారన్నమాట. పక్షి చూపు లెన్సులోకి ఉందంటే, ఎలుక లెన్సు ముందే ఉందని అర్థం, అక్కడ ఎవరు పెట్టారన్నది తరవాతి ప్రశ్న. కంటిపాపలో రెండు తెల్ల చుక్కలు కనిపిస్తే రెండు ఫ్లాష్‌లు. నేల మట్టంలో, వైడ్ లెన్సుతో, గోళ్లు ముఖం మీదికి వస్తున్నట్టు ఉంటే అక్కడే దిగుతుందని ముందే తెలిసి కెమెరా పెట్టి ఉండాలి. గుడ్లగూబ ఎక్కడ దిగుతుందో దానికే ఎలుక కదిలేదాకా తెలియదు, మనిషికెట్లా తెలిసింది?

వీటిలో ఒక్కటి కనబడగానే దోషి అని తేల్చమనడం లేదు. పక్షి రోజూ వచ్చి వాలే మొద్దు దగ్గర రిమోట్ పెట్టి న్యాయంగా తీసినవాళ్లూ ఉంటారు. అందుకే ఒక్క ఫొటోతో తీర్పు చెప్పకండి. రా ఫైలు, అంటే కెమెరాలో పడ్డ, మార్పులు చేయని అసలు ఫైలు అడగండి, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు అడగండి. ఈనాటి కెమెరాలు సెకనుకు ఇరవై ఫ్రేములు కొడుతున్నాయి, 'ఆ ఒక్కటే తీశాను' అనే మాట నమ్మాల్సిన పనిలేదు. అదే పక్షి, అదే నేల, అరగంట తేడాతో మూడు సార్లు దిగిందంటే ఎలుకలు వరసలో నిలబడి లేవు గదా. దారాన్ని ఫొటోషాప్‌లో చెరిపి ఉంటే రా ఫైలులో దొరికిపోతుంది.

'పాపం, తిండే గదా పెట్టాం, చంపలేదు గదా' అనే వాదన తరచూ వింటుంటాను. మంచు దేశాల్లో ఈ మాటకు కనీసం ఒక సాకైనా ఉంది: అడుగుల లోతు మంచు కింద ఎలుకలు దాగిపోతే గుడ్లగూబ ఆకలితో ఉంటుందంటారు. మన సీమలో చలికాలం అంటే ఏమిటి? చేలల్లో శనగ, జొన్న. కళ్లాల్లో వేరుశనగ వాములు. గట్టు గట్టుకూ ఎలుక బొక్కలు. ఎలుకలు తినేస్తున్నాయని రైతు మొత్తుకునే కాలంలో గుడ్లగూబకు మనం వడ్డించాలా? పైగా ఆ వడ్డించే ఎలుక ఎక్కడిది? రైతు చేతికిచ్చిన ఎలుక బ్రోమోడయోలోన్ తిన్నదైతే? ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మందకొడిగా తిరుగుతుంది, అందుకే చేతికి తేలిగ్గా దొరుకుతుంది. మందు దాని కాలేయంలో నిలిచి ఉంటుంది, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ ఒంట్లోకి చేరుతుంది, రక్తం గడ్డకట్టనివ్వదు. ఫొటో తీసినవాడు ఆ సరికి బెంగుళూరో హైదరాబాదో చేరి ఉంటాడు.

కార్లు పోగలిగే చోటే ఎర వేస్తారు, అంటే రోడ్డు పక్కన. కారు ఆగితే తిండి దొరుకుతుందని నేర్చుకున్న గుడ్లగూబ హెడ్‌లైటు వెలుగు చూసి దగ్గరకు వస్తుంది. కర్నూలు నుంచి అనంతపురం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ఏ వేగంతో లారీలు పోతాయో మీరెరుగుదురు. ఎలుక మీద చూపు పెట్టి నేలకు దగ్గరగా ఎగిరే పక్షి లారీకి అడ్డం పడితే తప్పించుకోలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది గూటి దగ్గర తీసేవి. ఫొటోలో నారింజ కళ్ల పక్షి అన్నాను గదా, అది ఈగిల్ ఔల్, తల మీద రెండు కొమ్ముల్లా ఈకలుండే పెద్ద గుడ్లగూబ. రాతి గుట్టలు, వంకల గట్లు, తవ్వి వదిలేసిన క్వారీ గుంటలు దానికి ఇళ్లు. గుత్తి కొండల నుంచి గండికోట లోయ దాకా అట్లాంటి చోట్లకు మన దగ్గర కొదవా? అయితే మనం చలికాలం అంటున్న ఈ నెలలే, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అది గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే కాలం. పుల్లలతో గూడు కట్టదు. బండ అరుగు మీదో, పొద కింద మట్టిలోనో చిన్న పల్లం చేసి అందులోనే గుడ్లు పెట్టి నెల పైన పొదుగుతుంది. మగపక్షి ఎలుకలు తెచ్చి ఇస్తుంటుంది. పిల్లలున్న ఇంటికి తిండి అవసరం ఎక్కువ కాబట్టి ఎరకు తొందరగా దిగేది అప్పుడే. ఫొటోగ్రాఫరుకూ ఆ సంగతి తెలుసు. వెలుగులకు, మనుషుల అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు బయటపడతాయి. తెల్లారితే కాకి, లేకుంటే ముంగిస. ఆ గూడు ఏమైందో చూడ్డానికి ఎవరూ మళ్లీ పోరు. బహుమతి ఫొటో మాత్రం ఏళ్ల తరబడి గోడ మీద ఉంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే చాలామంది ఇది మర్యాదకు సంబంధించిన విషయమనే అనుకుంటున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2వ సెక్షన్, 16వ క్లాజు తీసి చదవండి. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించి చెదరగొట్టడం కూడా అందులోనే ఉంది. 9వ సెక్షన్ ఆ వేటను నిషేధిస్తుంది. అది అభయారణ్యం హద్దు లోపలికే పరిమితం కాదు, మీ చేనులోనైనా నా చేనులోనైనా అదే చట్టం. అభయారణ్యంలోకి ఫొటోల కోసం పోవాలంటే 28వ సెక్షన్ కింద అనుమతి కావాలని అందరికీ తెలుసు, అందుకే ఈ వ్యవహారమంతా హద్దు బయట చేలల్లో నడుస్తోంది. బయట నడిస్తే చట్టం వర్తించదనే ధీమా తప్పు. ఇక ఎలుక సంగతి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్, వినోదం కోసం ఒక జంతువును కట్టేసి ఇంకో జంతువుకు ఆహారంగా పెట్టడాన్ని నేరమంటుంది. ఆ చట్టంలో జంతువంటే మనిషి కాని ప్రతి ప్రాణీ. చిట్టెలుక కూడా.

అంటే మన పోటీల్లో మనం దండ వేస్తున్న కొన్ని ఫొటోలు, చట్టం మాటలో చెప్పాలంటే, వేట జరిగిందనడానికి సాక్ష్యాలు. తీసినవాడి పేరు, తేదీ కూడా కిందే రాసి ఉంటాయి.

'మరి పల్లెల్లో గుడ్లగూబ కూస్తే చావని రాళ్లు వేస్తారే, దీపావళికి క్షుద్రపూజలని పట్టి అమ్ముతారే, వాళ్లనొదిలి మా మీద పడతావేం' అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మంచి ఫొటోల వల్ల ఆ భయం కొంత తగ్గిందని నేను నమ్ముతాను. పైడికంటి పిట్ట అనే బుల్లి గుడ్లగూబ చింతచెట్టు తొర్రలోంచి తల ఆడిస్తూ చూసే ఫొటో చూపిస్తే బడిపిల్లలు నవ్వుతారు, భయపడరు. కానీ దొంగల సంగతి ఎత్తారు కాబట్టి: గుడ్లగూబల వ్యాపారం మీద, వన్యప్రాణుల అమ్మకాలపై కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లోనే నివేదిక ఇచ్చింది, మూఢనమ్మకాల కోసం వాటిని పట్టి అమ్ముతున్నారని. మరి మనవాళ్లు ఫొటో కింద ఊరు పేరు, క్వారీ పేరు, కొందరైతే మ్యాపు లింకుతో సహా పెడుతున్నారు. పట్టేవాడికి అంతకంటే ఏం సాయం చేయాలి? ప్రదర్శనలో పెట్టే ఫొటో కింద జిల్లా పేరు చాలు.

ఇంకొందరు తెలివిగా అడుగుతారు: రైతు చేనులో టి ఆకారంలో కర్ర పాతితే గుడ్లగూబ వచ్చి వాలుతుంది, అది కూడా పిలవడమే కదా, దాని మీద ఫొటో తీస్తే తప్పా అని. తప్పు కాదు. రైతు పెట్టింది కూర్చోడానికి పీట. ఎలుకను వెతుక్కోవాల్సింది, పట్టుకోవాల్సింది, తప్పించుకుంటే మళ్లీ కాచుకోవాల్సింది పక్షే. నిజానికి చలికాలం గుడ్లగూబ ఫొటోలకు అంతకంటే మంచి చోటు లేదు. రైతుతో మాట్లాడి, గట్టు మీద దూరంగా కూర్చోండి. కర్ర కింద ఎలుక బొచ్చూ ఎముకలూ కలిసిన నల్లటి ఉండలు పడి ఉంటాయి, గుడ్లగూబ అరగనిదాన్ని అట్లా కక్కేస్తుంది. అవి ఉన్నాయంటే పక్షి రోజూ వస్తోందన్నమాట. ఆ ఉండల్ని విప్పి రైతుకు చూపించండి, ఎన్ని ఎలుక పుర్రెలున్నాయో ఆయనే లెక్కపెడతాడు. చావుపిట్ట మీద ఆయనకున్న అభిప్రాయం అక్కడే మారుతుంది. నా మట్టుకు నాకు ఆ ఫొటో, రైతు అరచేతిలో పుర్రెలున్న ఫొటో, వేట ఫొటోకు ఏ మాత్రం తీసిపోదు.

పెద్ద పోటీలు ఈ తలనొప్పి ముందే పడ్డాయి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫొటో మొదటి బహుమతి గెలిచింది. అది మచ్చిక చేసిన తోడేలయి ఉంటుందని తేల్చి 2010 జనవరిలో దాన్ని పోటీ నుంచి తీసేశారు. తీసినాయన ఒప్పుకోలేదు, అయినా నిర్ణయం మారలేదు. బతికున్న ఎరను ఆ పోటీ నిబంధనలు అసలే ఒప్పుకోవు. వాళ్లకున్న పరపతి మనకెక్కడిది అంటారేమో. రా ఫైలు అడగడానికి పరపతి అక్కర్లేదు.

రాత్రి పక్షుల విషయంలో పద్ధతి మార్చుకోవడం మన సీమకు కొత్త కూడా కాదు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, అంతరించిపోయిందనుకున్న కలివికోడి మళ్లీ దొరికిందని ప్రపంచమంతా పండగ చేసుకుంది. రాత్రిపూట టార్చి వెలుగులో పట్టిన పిట్ట అది. పట్టిన పిట్ట బతకలేదు. తరవాత లంకమల్ల అడవిలో దాన్ని వెతికిన పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు చూశారు, కెమెరా ట్రాప్‌లు పెట్టారు, పిట్టను ముట్టుకోకుండానే దాని జాడ రాసుకున్నారు. కష్టమే, ఆలస్యమే, అయినా అదే పద్ధతి నిలిచింది.

కాబట్టి మీ ప్రవేశ పత్రం అచ్చుకు పోయేలోపు కొన్ని మార్పులు చేయండి. ఎర, రికార్డు చేసిన కూత, గూటి దగ్గర ఫొటో, ఈ మూడూ ఉంటే ఎంట్రీ చెల్లదని స్పష్టంగా రాయండి. 'వాడలేదు' అని సంతకం తీసుకోండి. అబద్ధం తేలితే ఆ ఏడు బహుమతి వెనక్కు తీసుకుంటామని, మరో మూడేళ్లు ఎంట్రీ తీసుకోమని ముందే చెప్పండి. చివరి రౌండుకు వచ్చిన ప్రతి వేట ఫొటోకు రా ఫైలు, ముందూ వెనకా పది ఫ్రేములు అడగండి. ఇవ్వలేనివాళ్లకు కోపం తెచ్చుకోకుండా నమస్కారం పెట్టండి. తీర్పు చెప్పేవాళ్లలో పక్షుల నడవడి తెలిసినవాళ్లు ఒకరైనా ఉండేట్టు చూడండి. కెమెరా తెలిసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, ఎలుక ఎక్కడ పరిగెడుతుందో తెలిసినవాళ్లు తక్కువ. అటవీశాఖ సిబ్బందిలో ఒకరిని పిలిచినా సరే, రేగడిలో పుట్టి పెరిగిన రైతునొకరిని కూర్చోబెట్టినా సరే.

మార్కుల పట్టికలో గ్రెయిన్‌కు కోత ఆపండి. సాయంత్రపు వెలుతురులో ఎగిరే పక్షిని తీస్తే గ్రెయిన్ రాకుండా ఎట్లా ఉంటుంది? దానికి మార్కులు కోయడమంటే ఫ్లాష్ కొట్టుకురమ్మని చెప్పడమే. ఇంకొకటి. వేట విభాగంలో పక్షికి ఎలుక దొరకని ఫొటోలను కూడా తీసుకుంటామని రాయండి. గడ్డిలో పడి ఒట్టి కాళ్లతో లేచిన షార్ట్ ఇయర్డ్ ఔల్ ఫొటో గెలిచిందని తెలిస్తే, పై ఏడు డబ్బాలో ఎలుకను పెట్టుకుని ఎవరూ బయల్దేరరు.

రా ఫైళ్లు తెరిచి చూడ్డానికి, ఫ్రేములు వరసపెట్టి చూడ్డానికి మనుషులు చాలకపోతే కబురు చేయండి. జీతం బత్తెం అడగను. నా ఎంట్రీ ఆ ఏడుకు ఉండదు, సరేనా? మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కారణంతో సహా జవాబు బహిరంగంగానే రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
కర్నూలు నుంచి
మీ పోటీలకు ఫొటోలు పంపేవాళ్లలో ఒకడు